గారెల వాసన వచ్చే మూల

ముందు నోరు కడుక్కొని రండి. తర్వాత మాట్లాడుదాం.

"అంతమ్మ షెడ్డు", "అంతమ్మ మూల" అని ఎంత తేలికగా అనేస్తున్నారు. చచ్చిపోయిన మనిషి లేచి వచ్చి మీ మాట కాదనలేదని కదా ఈ ధైర్యం. చీకట్లో ఆ షెడ్డు ముందర నిలబడి సెల్‌ఫోన్లో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టినవాళ్లు కూడా మీలో ఉన్నారు, నాకు తెలుసు. ఒక మనిషి పేరును దెయ్యానికి అంటగడితే ఆ మనిషి కన్న బిడ్డలు ఎట్ల బతకాలె అని ఒక్కరు ఆలోచించలేదు.

దెయ్యం కథ కావాలన్నారు. సరే, కూర్చోండి. చెప్తున్న. కానీ విన్నంక సగం మింగి సగం చెప్పొద్దు. చెప్తే చివరిదాకా చెప్పండి.

నేను ఆ రాత్రి అక్కడ లేను. మెకానిక్ కృపాకర్ ఉన్నాడు, అంతమ్మ బిడ్డ నిర్మల ఉన్నది, బండి నడిపిన మాణిక్యం ఉన్నాడు. ముగ్గురి నోటా విడివిడిగా విన్న. విన్నదే చెప్తున్న, నా సొంతం ఒక్క ముక్క కలపలేదు.

చిన్న మంగళారం దాటినంక, ఫాంహౌసుల గోడల మధ్య నుంచి పెద్దరోడ్డు మీదికి ఎక్కే బాట ఒకటి ఉన్నది. ఒకచోట అది గిర్రున ఎడమకు తిరిగి, తిరిగిన వెంటనే ఎత్తు ఎక్కుతుంది. ఆ మలుపులోనే ఉన్నది ఆ రేకుల షెడ్డు. ఒకప్పుడు అక్కడ ఫంక్షన్ హాలు నడిచేది. షెడ్డు దాని వంటశాల. కరోనా వచ్చినప్పుడు హాలు మూతపడ్డది, మళ్లీ తెరుచుకోలేదు. కుర్చీలు, బల్లలు, ఫ్యాన్లు ఎవరికి దొరికినవి వాళ్లు పట్టుకుపోయారు. తుప్పు పట్టిన రేకులు, లోపల పొడుగ్గా తవ్విన గాడిపొయ్యి మాత్రం మిగిలినయి.

మొదట పాలు పోసే ఒకాయన చెప్పాడు. తెల్లవారక ముందే క్యాన్లు కట్టుకొని పోతుంటే గారెల వాసన వచ్చిందట. ఊరు లేదు, ఇల్లు లేదు, హోటలు లేదు... మూకుట్లో ఇప్పుడే గారె వేసినట్టు కమ్మటి వాసన.

తర్వాత ఒక ఆటో అతను. షెడ్డు రేకుల సందుల నుంచి ఎర్రగా వెలుగు కనబడ్డదన్నాడు. తర్వాత పూలమ్మటానికి పట్నం పోయే రైతులు... వాళ్లకు సుర్రు సుర్రుమని నూనె కాగే చప్పుడు కూడా వినబడ్డదట.

నాలుగు రోజుల్లో కథ అల్లుకున్నది. అక్కడ అంతమ్మ ఇంకా గారెలు వేస్తున్నదని. అర్ధరాత్రి పోయేవాళ్లను పేరు పెట్టి పిలుస్తదని. పిలిస్తే తిరిగి చూడొద్దని, చూసినవాని ముఖం కాగిన నూనె పడ్డట్టు కాలుతదని. ఈ చివరి మాట మొదట ఎవరి నోట్లో పుట్టిందో అప్పుడు ఎవరూ అడగలేదు.

అంతమ్మ ఎవరో మీ వయసు వాళ్లకు తెలియదు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఏ పెండ్లి అయినా గాడిపొయ్యి దగ్గర ఆమే ఉండేది. హిందువుల పెండ్లి, మా క్రైస్తవుల పెండ్లి అని తేడా లేదు. వందల మందికి వండి, పందిట్లో చివరి పంక్తి లేచేదాకా తాను ముద్ద ముట్టేది కాదు. గిన్నెలు, గుండిగలు మోసుకొచ్చే బండి డ్రైవరుకు మాత్రం ముందుగాల పళ్లెం తీసి మూతపెట్టి ఉంచేది.

ఆ షెడ్డులోనే, ఒక పెండ్లి రాత్రి, కడాయి ఒరిగి కాగిన నూనె ఆమె మీద పడ్డది. దవాఖానలో కొన్ని రోజులు కొట్టుమిట్టాడి ప్రాణం విడిచింది. అంతే జరిగింది. దాంట్లో దెయ్యం లేదు, శాపం లేదు. పని చేస్తూ పోయిన మనిషి.

ఆమె బిడ్డ నిర్మల. మొగుడు లేడు. తల్లి జల్లిగంటె పట్టుకొని తల్లి పనే చేస్తున్నది. చెయ్యి కూడా తల్లిదే. షెడ్డు కథ బయటికి వచ్చేదాకా ఆమెకు వంటలకు కొదవ లేదు. కథ వచ్చినంక పిలుపులు ఒక్కొక్కటే ఆగిపోయినయి. "తల్లి ఆత్మ బిడ్డ వెనకాలే తిరుగుతున్నదట, శుభకార్యంల ఎందుకు" అన్నారు. ముఖం మీద ఎవరూ అనలేదు. పట్నం క్యాటరింగు వాళ్లను మాట్లాడుకున్నారు, అంతే.

ఇంక మిగిలింది మా చర్చి క్రిస్మస్ విందు ఒక్కటే. సంఘమంతా కూర్చొని ఆమె వండింది తింటే, చూసినవాళ్లు మళ్లీ పిలుస్తారు. సంఘమే వద్దంటే... ఆమె ఊరు విడిచిపెట్టి పోవలసిందే. ఈ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. విందు వంట ఎవరికి ఇయ్యాలో క్యారల్స్ అయిపోయినంక మాట్లాడుకుందామని పెద్దలు అనుకున్నారు.

క్యారల్స్ అంటే మీకు తెలుసు కదా. డిసెంబరు చలిలో రాత్రంతా బండి మీద తిరిగి, సంఘం వాళ్ల ప్రతి ఇంటి ముందర ఆగి, పాట పాడి, ప్రార్థన చేసి, వాళ్లిచ్చిన చాయ్ తాగి, మళ్లీ బండెక్కాలె. ఆ ఏడు బండి మాణిక్యానిది. డీసీఎం వ్యాను. రోజూ రైతుల పూలు, కూరగాయలు పట్నం మార్కెట్‌కు కొట్టే బండి. కిరాయి వద్దన్నాడు, దేవుని పని అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు.

నిర్మల కూడా బండెక్కింది. ఎక్కకపోతే మాటలను ఒప్పుకున్నట్టు అవుతుందని ఎక్కింది. ఆమె పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు. ఎదురుగా సరోజమ్మ కూర్చున్నది. సరోజమ్మ చర్చిలో ముందు వరుస మనిషి, నోరు కూడా ముందే.

"ఏం నిర్మలా, ఒక్కదానివే వచ్చినవా... ఎంబడి ఎవరన్న ఉన్నరా?" అన్నది.

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

"నువ్వు ఉన్నవు గదా సరోజమ్మత్తా. ఇంకెవరు గావాలె," అన్నది నిర్మల.

సరోజమ్మ షాలు తల మీదికి లాక్కున్నది.

మొయినాబాద్‌లో షాపు కట్టేసుకొని కృపాకర్ ఎక్కాడు. కృపాకర్ డీజిల్ బండ్ల మెకానిక్. ముందర క్యాబిన్లో మాణిక్యం పక్కన కూర్చున్నాడు. వాళ్లిద్దరికీ మూడు నెలల కింద ఒక లడాయి అయి ఉన్నది. దాని సంగతి చెప్పకపోతే ముందరిది మీకు అర్థం కాదు.

మాణిక్యం బండికి రెండు ట్యాంకులు పెట్టించుకున్నాడు. ఒకదాంట్లో డీజిల్, రెండోదాంట్లో వాడేసిన వంటనూనె. ఫంక్షన్ హాళ్లలో, రిసార్టుల్లో పూరీలు, గారెలు వేసి మిగిల్చిన నల్లటి నూనె. పారబోసేదాన్ని తెచ్చుకొని వడగట్టి పోసేవాడు. డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కినంక సీటు కింద నల్లా తిప్పి నూనెకు మార్చుకునేవాడు. బండి ఆపేముందు మళ్లీ డీజిల్‌కు మార్చి, పైపుల్లో నూనె కడిగిపోయేదాకా నడిపి ఆపాలె. అట్ల జాగ్రత్తగా చేసుకుంటే బండి నడుస్తుంది. నడవదని నేను చెప్పను.

కానీ మూడు నెలల కింద ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు మొరాయించి బండిని కృపాకర్ దగ్గరకు తెచ్చాడు. కృపాకర్ పంపు విప్పి, లోపలి గీతలు వేలితో తడిమి చూపించాడట.

"అన్నా, ఈ పంపుల వెంట్రుక దూరేటంత సందు గూడ లేదు. డీజిల్ దాంట్ల ఆడుకుంటనే దానికి గ్రీజు పెడతది. నువ్వు నీళ్లు గలిసిన చిక్కటి నూనె పోస్తే, ఇయ్యాల గాకపోతే రేపు పట్టేస్తది. నడిరోడ్డు మీద పట్టేస్తే నీ ఎనకున్నోళ్ల గతేంది?"

"ఇడిసిపెట్టిన తమ్మీ. ఇగ నూనె ముట్ట."

"బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పు."

మాణిక్యం చెయ్యి పెట్టి చెప్పాడు. అందుకే కృపాకర్ పాత పంపును బాగుచేసి ఇచ్చాడు.

క్యారల్స్ రాత్రి కృపాకర్ క్యాబిన్లో కూర్చున్నప్పటి నుంచి మాణిక్యం సరిగా మాట్లాడలేదట. ఊరికే ముఖం తుడుచుకుంటున్నాడట, ఆ చలిలో. ప్రతి ఇంటి దగ్గర "జల్ది గానియ్యిండ్రి" అంటున్నాడట.

"ఏందన్నా, పాట అయ్యేదాక గూడ ఆగవా? దేవుని పని అంటివి," అన్నాడు కృపాకర్.

"చలి తమ్మీ... బండికి చలి మంచిది గాదు."

ఇల్లు ఇల్లుకూ బండి ఆగింది. ఆగిన ప్రతిసారీ చల్లబడ్డది. ఎక్కిన ప్రతిసారీ సెల్ఫు కొట్టాలె. మొదట్లో ఒక్క కొట్టుకు అందుకునే ఇంజిన్... రానురాను దగ్గింది, గురగురమన్నది, ఎంతో సేపటికి గానీ అందుకోలేదు. కృపాకర్ తల తిప్పి చూశాడు. మాణిక్యం అద్దంలోకి చూశాడు.

ఇక తిరిగిపోవుడే అనుకుంటున్నప్పుడు సాముయేలు ఫోను చేశాడు. సాముయేలు మా సంఘం ముసలాయన, చిన్న మంగళారం అవతల ఒక ఫాంహౌసుకు వాచ్‌మన్. "అందరిండ్లకు పోయిండ్రు, నా గుడిసె మాత్రం మరిచిండ్రా?" అన్నాడట.

"పోదాం పా," అన్నారు వెనక నుంచి.

"ఆ దిక్కు వద్దు," అన్నాడు మాణిక్యం.

"ఎందుకు?"

"బాట బాగలేదు... షెడ్డు మూల మీదకెల్లి పోవాలె."



అందరూ నిర్మల దిక్కు చూశారు. నిర్మల ఎవరి దిక్కూ చూడలేదు.

"ముసలాయన ఒక్కడే కూసున్నడు. మనకోసం ఎదురు చూస్తున్నడు," అన్నదామె. "షెడ్డు మీదకెల్లి పోతే ఏమైతది? నాకు లేని భయం మీకెందుకు?"

బండి ఆ బాట పట్టింది. షెడ్డు ముందర దిగుడులో మాణిక్యం ఆగకుండా దాటించాడు, ఎవరూ అటు తల తిప్పలేదు.

సాముయేలు గుడిసె ముందర పాడారు, ప్రార్థన చేశారు. ఆయన ఏడ్చాడు, నిర్మల తల నిమిరాడు. తిరుగు ప్రయాణంలో మాణిక్యం మరీ నిదానంగా నడిపాడట. రెండుసార్లు సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, కృపాకర్ మోకాలు తగలగానే వెనక్కి తీసుకున్నాడట.

మలుపు వచ్చింది.

బండి ఎడమకు తిరిగింది. ఎత్తు ఎక్కటానికి ముక్కింది... ఒక్కసారి కుదిపింది... మళ్లీ కుదిపింది.

ఇంజిన్ ఆగిపోయింది.

సరిగ్గా షెడ్డు ముందర.

బ్రేకు తొక్కి మాణిక్యం సెల్ఫు కొట్టాడు. కిర్ర్... కిర్ర్... తిరుగుతున్నది గానీ అందుకోవటం లేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ.

"ఆగు అన్నా. బ్యాటరీ పోతది," అన్నాడు కృపాకర్.

చప్పుడు ఆగినంక చలి తెలిసింది. గోడల మీద బోగన్‌విలియా కొమ్మ కూడా కదలటం లేదు. మంచు ఎంత దట్టంగా ఉన్నదంటే బండి మీద కట్టిన కాగితపు నక్షత్రంలో లైటు మసకగా, పచ్చగా కనబడుతున్నది. ఎవరో చిన్నగా దగ్గారు. ఎవరో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

అప్పుడు వచ్చింది... వాసన.

మొదట సన్నగా. తర్వాత గాలి తెరతెరలుగా తెచ్చినట్టు. గారెల వాసన. ఎన్ని పెండ్లిళ్లలో పీల్చిన వాసన అది. ఏ పంక్తిలో కూర్చున్నా, అదిగో వచ్చేస్తున్నయి అని కడుపులో తెలిసేది, అదే వాసన.

సరోజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. "యేసయ్యా... యేసయ్యా..."

"ఎవ్వరు కిందికి దిగకుండ్రి," అన్నాడు మాణిక్యం. గొంతు అరిచినట్టు లేదు, గుసగుసలాడినట్టు ఉన్నది. "ఎవ్వరు అటు చూడకుండ్రి. పిలిస్తే పలకకుండ్రి..."

కృపాకర్ మాత్రం దిగాడు. టార్చి చంకలో ఇరికించుకొని ముందర బానెట్ ఎత్తాడు. పంపు నుంచి ఇంజిన్‌కు పోయే నాజిల్ పైపు నట్టు వదులు చేసి, "కొట్టు అన్నా," అన్నాడు. మాణిక్యం కొట్టాడు. పైపులో నుంచి చుక్క రాలేదు. ఇంకో పైపు వదులు చేశాడు. దాంట్లోనూ రాలేదు.

"పంపు పట్టేసింది," అన్నాడు తనలో తాను.

తర్వాత ఫిల్టరు విప్పాడు. అరచేతిలో వంచుకున్నాడు. డీజిల్ అయితే నీళ్లలెక్క కారిపోవాలె. కారలేదు. చలికి గడ్డకట్టిన డాల్డాలెక్క అరచేతిలో ముద్దగా నిలబడ్డది. వాసన చూశాడు.

క్యాబిన్ దగ్గరకు వచ్చి ఆ చెయ్యి మాణిక్యం ముఖం ముందర పెట్టాడు.

"ఇదేంది?"

మాణిక్యం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పినవ్. నేను పక్కన కూసున్ననని నల్లా డీజిల్‌కు తిప్పుకోలేకపోయినవ్, గంతేనా? ఇంటింటికి ఆగినప్పుడల్లా నూనె పైపులల్ల సల్లబడి గడ్డగట్టె. పంపు దాన్ని గుంజి గుంజి సచ్చె. ఇంతమంది ఆడోళ్లను, ముసలోళ్లను ఎక్కించుకొని... నీకు మనసెట్ల ఒప్పిందన్నా?"

"తమ్మీ, నీ కాళ్లు మొక్కుత. తర్వాత తిట్టు. ముందుగాల అందరిని నడిపించుకొని తీస్కపో. ఈడ నిలబడకుండ్రి."

"ఎందుకు? నీ దెయ్యం వస్తదనా?"

మాణిక్యం జవాబు చెప్పకముందే చప్పుడు వినబడ్డది.

సుర్ర్...

షెడ్డు లోపల. కాగిన నూనెలో పిండి జారవిడిచినట్టు.

సుర్ర్... సుర్ర్ర్...

రేకుల సందుల్లో ఎర్రటి వెలుగు. ఒక్కసారి పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. ఎవరో లోపల పొయ్యి ముందర అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఆ వెలుగులో నీడ ఊగింది.

బండిలో ఉన్నవాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు.

నిర్మల లేచింది.

"యాడికే?" సరోజమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నది. అప్పటిదాకా ఆమె పక్కన కూర్చోవటానికి ఇష్టపడని మనిషి... గట్టిగా పట్టుకున్నది. "పోకు బిడ్డా. పోకు."

"ఇన్ని దినాలు అందరు నాకు చెప్తిరి గదా అత్తా, మీ అమ్మ ఆడ ఉన్నదని." నిర్మల కొంగు నడుముకు చెక్కుకున్నది. "ఉంటే చూస్త. ఒక్కసారి చూస్త. పోయినప్పుడు ముఖానికి గుడ్డ కట్టి ఇచ్చిండ్రు, చూడనియ్యలే."

చెయ్యి విడిపించుకొని కిందికి దిగింది. మంచులో నాలుగు అడుగులు వేసింది. విరిగిన గేటు దగ్గర నిలబడి, చీకట్లోకి మెల్లగా పిలిచింది.

"అమ్మా..."

లోపల సుర్రుమన్నది.

అప్పుడే క్యాబిన్ తలుపు ధడాలున తెరుచుకున్నది. మాణిక్యం దూకాడు. నిర్మలను పక్కకు నెట్టి, గేటు దాటి, షెడ్డు దిక్కు పరుగెత్తాడు. దెయ్యం ఉన్నదని అందరికంటే ఎక్కువ చెప్పిన మనిషి... అందరికంటే ముందు అందులోకి పరుగెత్తాడు.

కృపాకర్ వెనకాలే ఉరికాడు. మాణిక్యం రేకు తలుపు తన్ని లోపలికి దూరాడు. ఒక్క క్షణం ఏం కనబడలేదు.

తర్వాత షెడ్డు లోపల మెరుపు మెరిసినట్టయింది. కప్పు దాకా మంట లేచింది. ఒక అరుపు. మనిషి అరుపు.

కృపాకర్ తలుపు దగ్గర ఆగిపోయాడు. లేచి వచ్చిన నిర్మల ఆగలేదు. భుజాల చుట్టూ కప్పుకున్న దుప్పటి విప్పుకుంటూ పోయింది. మాణిక్యాన్ని దుప్పట్లో చుట్టి, నేల మీద దొర్లించి, మంటలు ఆరినంక కాళ్లు పట్టి బయటికి గుంజింది. "నీళ్లు తేండ్రి, మంచినీళ్లు, చేతుల మీద పోస్తనే ఉండుండ్రి" అని ఆమే చెప్పింది. తల్లికి ఆ రోజు ఎవరూ చెయ్యనిది ఈయనకు చేసింది.

లోపల అంతమ్మ లేదు. ఎవరూ లేరు.

ఒక సగం కోసిన డ్రమ్ము. దాని కింద పొట్టు పొయ్యి. సామిల్లులో దొరికే రంపపు పొట్టు దట్టించి అంటిస్తే మనిషి అవసరం లేకుండా రాత్రంతా నిదానంగా కాలే పొయ్యి. డ్రమ్ములో ఫంక్షన్ హాళ్ల నూనె. చలికాలం గడ్డకట్టకుండా, అందులో కలిసిన నీళ్లు ఇగిరిపోయేటట్టు, రాత్రుళ్లు కాచి తెల్లారి వడగట్టి బండిలో పోసుకునేవాడు మాణిక్యం. వడగట్టే పాత లుంగీలు దండెం మీద వేలాడుతున్నాయి. వెలుగులో ఊగిన నీడ ఆ లుంగీలదే.

గారెల వాసన నూనెది. సుర్రుమన్న చప్పుడు నూనెలో నీళ్లది.

అంతమ్మ కథ... మాణిక్యానిది.

ఎవరూ లోపలికి తొంగిచూడొద్దని, నూనె డ్రమ్ములు ఎవరూ ఎత్తుకుపోవద్దని, అడిగేవాళ్లు ఉండొద్దని, మొదటిసారి వాసన మాట బయటికి వచ్చినప్పుడు ఆ పేరు తగిలించింది ఆయనే. చాయ్ హోటళ్ల దగ్గర, మార్కెట్లో, తోటి డ్రైవర్ల దగ్గర. పేరు పెట్టి పిలుస్తదని, తిరిగి చూస్తే ముఖం కాలుతదని చెప్పింది ఆయనే. ఎవరి గిన్నెలు మోశాడో, ఎవరు ముందుగాల పళ్లెం తీసి పెట్టేవారో, ఆమె పేరునే కావలికుక్కలెక్క షెడ్డు ముందర కట్టేశాడు. ఆమె బిడ్డకు పిలుపులు ఆగిపోతుంటే కళ్లతో చూశాడు. చూసి ఊరుకున్నాడు.

ఆ రాత్రి, క్యారల్స్ అటు దిక్కు పోవనుకొని పొద్దుగూకేటప్పుడే పొయ్యి అంటించి వచ్చాడు. తిరిగి పోయి చూసుకునే సందు దొరకలేదు. నీళ్లు ఎక్కువున్న నూనె పొంగి, అంచు దాటి, నిప్పుల మీద పడి మండటం మొదలుపెట్టింది. లోపలికి దూరిన మాణిక్యం భయంలో పక్కనున్న బకెట్ ఎత్తి మండే నూనె మీద నీళ్లు కుమ్మరించాడు. గాడిపొయ్యి దగ్గర ఒక్కరోజు నిలబడ్డవాళ్లు ఎవరైనా చెప్తారు, అట్ల చెయ్యొద్దని.

ఆయన తర్వాత దవాఖానలో అందరి ముందర అంతా ఒప్పుకున్నాడు. పాస్టరు గారు, పెద్దలు, నిర్మల, అందరూ మంచం చుట్టూ ఉన్నారు. నేనూ ఉన్న. అన్నీ చెప్పినంక ఇంకో మాట చెప్పాడు. అది వినేదాకా నాకు ఇది దెయ్యం కథ అని తోచలేదు.

"బకెట్ ఎత్తినప్పుడు ఎనకకెల్లి పిలుపు ఇనబడ్డది," అన్నాడు. "'మాణిక్యం... నూనె మీద నీళ్లు పొయ్యకు బిడ్డా' అని. మెల్లగ. చెవుల చెప్పినట్టు. ఆ కత నేనే అల్లిన. అబద్దమని నాకు తెలువదా? కానీ ఆ గొంతు ఇన్నంక నా కతే నిజమైందనుకున్న. తిరిగి చూస్తే సస్త అనుకున్న. చూడలే... పోసిన."

కృపాకర్ నిర్మల దిక్కు తిరిగాడు. "నువ్వే పిలిచినవా చెల్లె?"

నిర్మల మాణిక్యం చేతుల కట్ల దిక్కు చూసింది.

"నేనింక గేటు కాడనే ఉన్న," అన్నది. "ఆయన నెడితే కింద పడ్డ. నోట్ల మాట రాలే. అయినా... నాకంటె పెద్దోడు. నేను మాణిక్యమన్న అంట. బిడ్డా అని ఎట్లంట?"

మంచం పక్కన సెలైన్ చుక్క చుక్కగా పడుతున్నది.

ఆ గొంతు ఎవరిదో నేను చెప్పను. నాకు తెలియనిది చెప్పే అలవాటు నాకు లేదు. దెయ్యాలను నేను నమ్మను, ఇప్పుడూ నమ్మను. ఒక్కటి మాత్రం అడుగుతున్న మిమ్మల్ని... పిలిచింది ఎవరైనా సరే, ఆ పిలుపు కాల్చటానికా, కాపాడటానికా?

ఆ క్రిస్మస్ విందు నిర్మలే వండింది. పెద్దలు కూర్చొని మాట్లాడుకునే పని పడలేదు. పొయ్యి దగ్గర సరోజమ్మ వచ్చి కూర్చొని ఉల్లిగడ్డలు తరిగింది. మొదటి గారె ఆమే అడిగి తీసుకొని, అందరూ చూస్తుండగా నిలబడి తిన్నది. సంక్రాంతి దాటేలోపే పెండ్లిళ్లకు పిలుపులు మళ్లీ వచ్చినయి. ఇప్పుడు నిర్మల లేకుండా ఈ చుట్టుపక్కల పందిరి లేవదు.

మాణిక్యం బండి చాలా రోజులు కృపాకర్ షాపు ముందర ఉన్నది. పంపు విప్పితే లోపలి ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయి, సుత్తితో కొట్టినా విడవలేదట. టైర్ల కింద గడ్డి మొలిచింది. చివరకు తుక్కు కింద పోయింది. అది పెద్ద శిక్ష కాదు, బండి పోతే ఇంకో బండి వస్తుంది.

ఆయన రెండు చేతుల వేళ్లు కాలి, మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కున్నయి. డాక్టర్లు రెండుసార్లు కోసి విడదీశారు, మళ్లీ ముడుచుకున్నయి. స్టీరింగ్ పట్టవు, గ్లాసు పట్టవు. సంఘంలో ఏ పెండ్లి అయినా వస్తాడు, పంక్తిలో చివరికి కూర్చుంటాడు. నిర్మల ఆయన విస్తట్లో అందరికి వడ్డించినట్టే వడ్డించి పోతుంది. పక్కన ఆయన భార్య ఆశ తన ముద్ద పక్కన పెట్టి, ఆయన అన్నం కలిపి నోట్లో పెట్టేదాకా, ఆ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని, తల వంచుకొని కూర్చుంటాడు.